విమానాల లెక్కలో 13 కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి?

మీరు పదో తరగతి గణితం దాటి వచ్చినవారైతే ఈ లెక్క మీకు ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. ఒక విమానాశ్రయం నుంచి ఒకే సమయానికి రెండు విమానాలు బయలుదేరతాయి. ఒకటి గంటకు 1000 కి.మీ. వేగంతో ఉత్తరానికి పోతుంది. రెండోది గంటకు 1200 కి.మీ. వేగంతో పడమరకు పోతుంది. గంటన్నర తరవాత ఆ రెండింటి మధ్య దూరం ఎంత?

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి గణితంలో, త్రిభుజాల అధ్యాయంలో ఏళ్ల తరబడి ఉన్న లెక్క ఇది. చేసే పద్ధతి అందరికీ తెలుసు. గంటన్నరలో మొదటి విమానం 1500 కి.మీ., రెండోది 1800 కి.మీ. వెళతాయి. ఉత్తరానికీ పడమరకూ మధ్య లంబకోణం ఉంటుంది. కనుక విమానాల మధ్య దూరం కర్ణం అవుతుంది. 1500 వర్గం 22,50,000. 1800 వర్గం 32,40,000. రెండూ కలిపితే 54,90,000. దాని వర్గమూలం 300√61, అంటే సుమారు 2,343 కి.మీ. పుస్తకం చివర ఉన్న జవాబూ ఇదే. టిక్కు పెట్టి తరవాతి లెక్కకు వెళ్లిపోతాం.

లెక్క సులువు. అందుకే అనుమానం రాదు. నాకూ రాలేదు. కొన్నేళ్ల కిందట ఒక అభ్యాస పుస్తకాన్ని తెలుగు చేస్తుండగా ఇలాంటి లెక్కే నా చేతికి వచ్చింది. 'డ్యూ వెస్ట్' అన్నచోట 'నేరుగా పడమరకు' అని రాసి, జవాబు సరిచూసుకుని, పేజీ తిప్పేశాను. పుస్తకం అచ్చయి వచ్చాక పదో తరగతి చదివే మా మేనకోడలు దాన్ని చూసి, "మామయ్యా, ఈ విమానాలు బల్ల మీద ఎగురుతున్నాయా?" అని అడిగింది. ఎమ్మెస్సీ చదివిన వాణ్ణి, వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆలస్యంగానైనా ఇప్పుడు చెబుతున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. నేను తప్పు పడుతున్నది పైథాగరస్ సిద్ధాంతాన్ని కాదు, దాన్ని మనకు అందిస్తున్న తీరును. సిద్ధాంతాన్ని వాడే ముందు అడగవలసిన ప్రశ్నలు పాఠంలో కనిపించవు. వాడాక రావలసిన జవాబు మాత్రం పుస్తకం చివర సిద్ధంగా ఉంటుంది.

విమానాలను ఇంకొంచెం దూరం పోనివ్వండి

అనుమానం నిజమో కాదో తేల్చడానికి పెద్ద గణితం అక్కరలేదు. ఒక గ్లోబు చాలు. గ్లోబు లేకపోతే ఒక బత్తాయి, ఒక దారం ముక్క చాలు.

మన విమానాశ్రయం భూమధ్యరేఖ మీద ఉందనుకుందాం. రెండు విమానాలనూ గంటన్నరకే ఆపకుండా చెరో 10,000 కి.మీ. పోనిద్దాం. భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా దూరం దాదాపు 10,000 కి.మీ. ఇది కాకతాళీయం కాదు. 1790లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఈ దూరంలో కోటో వంతును మీటరుగా నిర్ణయించారు. కాబట్టి ఉత్తరానికి పోయిన విమానం ఇప్పుడు సరిగ్గా ఉత్తర ధ్రువం మీద ఉంటుంది. పడమరకు పోయినది భూమధ్యరేఖ వెంటే పావు చుట్టు తిరిగి, దాని మీదే మరోచోట ఉంటుంది.

ఇప్పుడు పుస్తకం పద్ధతి ప్రకారం దూరమెంత? 10,000 వర్గానికి 10,000 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 14,142 కి.మీ. మరి నిజంగా ఎంత? ధ్రువం నుంచి భూమధ్యరేఖ మీద ఏ చోటికైనా దూరం ఒకటే, 10,000 కి.మీ. దారంతో కొలిచి చూడండి. మూడు భుజాలూ సమానంగా ఉంటాయి. మూడు మూలల్లోనూ లంబకోణాలే ఉంటాయి. త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలని నేర్చుకున్న మనకు ఇక్కడ 270 డిగ్రీలు కనిపిస్తాయి!

ఇంకో వింత చూడండి. పడమరకు పోయిన విమానం మరో 5,000 కి.మీ. ముందుకు పోయిందనుకోండి. పుస్తకం సూత్రం ప్రకారం దూరం 18,000 కి.మీ. దాటిపోవాలి. కానీ విమానం ఇంకా భూమధ్యరేఖ మీదే ఉంది కదా! ధ్రువం నుంచి దాని దూరం మళ్లీ 10,000 కి.మీ. మాత్రమే. మా మేనకోడలి అనుమానం నిజమే. పుస్తకంలోని విమానాలు బల్ల మీదే ఎగురుతున్నాయి.

ఒక లెక్కకు మూడు జవాబులు

"పదివేల కిలోమీటర్ల సంగతి సరే, పుస్తకంలో ఉన్నది 1500, 1800 మాత్రమే కదా" అని మీరు అనవచ్చు. అదీ చూద్దాం.

గోళం మీద లంబకోణ త్రిభుజానికీ ఒక సూత్రం ఉంది. పైథాగరస్ సిద్ధాంతానికి గోళం మీది చుట్టం అనుకోండి. భుజాలను కిలోమీటర్లలో కాక, భూకేంద్రం దగ్గర అవి చేసే కోణాలుగా తీసుకుంటే, కర్ణం కొసైన్ మిగతా రెండు భుజాల కొసైన్ల లబ్ధానికి సమానం. ఇక్కడ వర్గాలు కలపడం లేదు, కొసైన్లు గుణిస్తున్నాం.

భూమి సగటు వ్యాసార్థం 6,371 కి.మీ. 1500ను దానితో భాగిస్తే 0.2354 రేడియన్లు, కొసైన్ 0.9724. 1800ను భాగిస్తే 0.2825 రేడియన్లు, కొసైన్ 0.9604. రెండింటినీ గుణిస్తే సుమారు 0.9339. అంత కొసైన్ ఉన్న కోణం దాదాపు 0.3657 రేడియన్లు. దాన్ని మళ్లీ 6,371తో గుణిస్తే 2,330 కి.మీ. వస్తుంది. అంటే పుస్తకం జవాబుకూ దీనికీ తేడా 13 కి.మీ.

మరి 'సరళరేఖ దూరం' అంటే ఏది? 2,330 కి.మీ. కూడా సరళరేఖ కాదు. అది నేల వంపు వెంట సాగే వక్రరేఖ. అసలైన సరళరేఖ కావాలంటే ఒకచోటి నుంచి రెండోచోటికి భూమి లోపలి నుంచి సొరంగం తవ్వాలి. దాని పొడవు సుమారు 2,317 కి.మీ.

చూశారా? ఒకే లెక్కకు మూడు జవాబులు వచ్చాయి. బల్ల మీద 2,343. నేల మీద 2,330. సొరంగంలో 2,317. సరళరేఖ దూరమని మనం రాసే జవాబు మూడింటిలోకీ పెద్దది. అసలు సరళరేఖ అన్నిటికంటే చిన్నది.

హైదరాబాద్ నుంచి బయలుదేరితే?

ఇప్పటిదాకా విమానాశ్రయాన్ని భూమధ్యరేఖ మీద పెట్టాం. ఎందుకంటే అక్కడ లెక్క సులువు. మన దేశంలో ఎక్కడా భూమధ్యరేఖ లేదు కదా. హైదరాబాద్ నుంచే బయలుదేరదీద్దాం. దాని అక్షాంశం దాదాపు 17.4 డిగ్రీలు. ఉత్తరానికి 1500 కి.మీ. పోయిన విమానం హిమాలయాల చెంతకు చేరుతుంది. అక్షాంశరేఖ వెంట పడమరకు 1800 కి.మీ. పోయినది అరేబియా సముద్రం మీద ఉంటుంది. ఇప్పుడు వాటి మధ్య దూరం సుమారు 2,278 కి.మీ. పుస్తకం జవాబుకు 65 కి.మీ. తక్కువ.

13 కి.మీ. తేడా 65 ఎందుకయింది? దానికి కారణం నేను అనువాదంలో రాసిన 'నేరుగా' అన్న మాటలోనే ఉంది. గ్లోబు మీద రెండు చోట్ల మధ్య దారాన్ని బిగించి పట్టుకుంటే అది ఎటూ మళ్లని దారి చూపిస్తుంది. దీన్ని మహావృత్తం అంటారు. రేఖాంశరేఖలన్నీ మహావృత్తాలలో భాగాలే. కాబట్టి ఉత్తరానికి పోవడమంటే నిజంగా తిన్నగా పోవడమే. అక్షాంశరేఖల్లో మాత్రం ఒక్క భూమధ్యరేఖే మహావృత్తం. మిగతావన్నీ ధ్రువం చుట్టూ తిరిగే చిన్న వృత్తాలు. హైదరాబాద్ నుంచి ఎప్పుడూ పడమరకే పోవాలంటే పైలట్ విమానాన్ని అంతసేపూ కొద్దికొద్దిగా కుడివైపు తిప్పుతూనే ఉండాలి. అలా ఉత్తరంవైపు వంగుతూ పోతుంది కనుక ఆ విమానం మొదటి విమానానికి మరింత దగ్గరగా ఉంటుంది. 'నేరుగా పడమరకు' అని నేను రాసిన దారి నేరుగా లేదన్నమాట.

అంటే లెక్కలో విమానాశ్రయం ఎక్కడుందో చెప్పకపోతే ఒక్క జవాబు ఉండదు. పుస్తకం ఆ సంగతి చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉందన్న సూచన కూడా ఇవ్వలేదు.

ఇంకొక చిన్న విషయం. 11 కి.మీ. ఎత్తులో ధ్వని వేగం గంటకు దాదాపు 1,060 కి.మీ. ప్రయాణికుల విమానాలు మామూలుగా గంటకు 900 కి.మీ.కు అటూ ఇటూగా పోతాయి. అంత ఎత్తున గంటకు 1200 కి.మీ. పోవాలంటే ధ్వనిని మించాలి. అలా ప్రయాణికులను మోసిన కాంకార్డ్ విమానాలు 2003లోనే ఆగిపోయాయి. అంకెలు లెక్కకు ఎంత అనుకూలంగా ఉన్నాయో చూశారు తప్ప అవి లోకంలో ఉన్నాయా అని ఎవరూ చూడలేదు.

సిద్ధాంతం ఎక్కడ నమ్మకస్తుడు?

ఇదంతా చదివి, "అయితే పైథాగరస్ సిద్ధాంతం తప్పా?" అని కంగారు పడకండి. అది సమతలం మీద అక్షరాలా నిజం. బౌధాయనుడి శుల్బసూత్రాలలో ఈ విషయం యజ్ఞవేదికలు కట్టే సందర్భంలో, తాడుతో కొలిచే పద్ధతిగా కనిపిస్తుంది. వేదిక వెడల్పు కొన్ని మీటర్లకు మించదు. ఈనాటికీ మా వీధిలో ఇల్లు కట్టే తాపీమేస్త్రీ పునాదికి మూలమట్టం చూసేది ఇలాగే. ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య 5 అడుగులు వస్తేనే మూల సరిగ్గా ఉందంటాడు. ఆ మేస్త్రీకి భూమి గుండ్రనతో పని లేదు.

మరి ఎంత దూరం వరకు ఈ సిద్ధాంతాన్ని నమ్మవచ్చు? ఇది పాఠంలో ఉండవలసిన ప్రశ్న. దీని జవాబు చాలా అందమైనది కూడా.

విమానాలను దించి సైకిళ్లు ఎక్కిద్దాం. ఒకరు గంటకు 10 కి.మీ., మరొకరు గంటకు 12 కి.మీ. వేగంతో, ఒక కూడలి నుంచి లంబకోణంలో ఉన్న రెండు దారుల్లో, ఎటూ మళ్లకుండా గంటన్నర తొక్కారనుకోండి. దూరాలు 15 కి.మీ., 18 కి.మీ. సిద్ధాంతం ప్రకారం వాళ్ల మధ్య దూరం 23.43 కి.మీ. భూమి వంపును లెక్కలోకి తీసుకుంటే ఎంత తగ్గుతుందో తెలుసా? కేవలం 1.3 సెంటీమీటర్లు! చిటికెన వేలు వెడల్పు కూడా ఉండదు.

గమనించండి. దూరాలను 100 వంతులకు తగ్గించాం. తప్పు 13 కి.మీ. నుంచి 1.3 సెంటీమీటర్లకు తగ్గింది. అంటే 10 లక్షల వంతు. 10 లక్షలంటే 100 ఘనం. దూరాలను రెట్టింపు చేస్తే తప్పు 8 రెట్లవుతుంది, పది రెట్లు చేస్తే వెయ్యి రెట్లవుతుంది. మరీ పెద్ద దూరాలకు ఈ నిష్పత్తి కొంచెం మారినా, మన అవసరానికి ఇది చాలు. ఊళ్ల మధ్య దూరాలకు సిద్ధాంతాన్ని కళ్లు మూసుకుని వాడవచ్చు. దేశాల మధ్య దూరాలకు వాడకూడదు.

అదే పదో తరగతి పుస్తకంలో, నిరూపక జ్యామితి అధ్యాయంలో రెండు పట్టణాల లెక్క ఉంది. ఒక పట్టణం నుంచి రెండోది 36 కి.మీ. తూర్పున, 15 కి.మీ. ఉత్తరాన ఉంటుంది. దూరం 39 కి.మీ. చాలా మంచి లెక్క. అంత దూరంలో తిన్నని లంబ దారుల వెంట కొలిస్తే వంపు వల్ల వచ్చే తప్పు 3 సెంటీమీటర్లే. పట్టణాల లెక్క, విమానాల లెక్క ఒకే పుస్తకంలో, ఒకే సూత్రంతో, ఒకే ధీమాతో కనిపించాయి. ఒకటి నమ్మదగినదనీ రెండోది కాదనీ విద్యార్థికి ఎలా తెలుస్తుంది?

నిరూపణ పోతే ఏం పోతుంది?

2022లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాల భారం తగ్గించే క్రమంలో పదో తరగతి త్రిభుజాల అధ్యాయం నుంచి పైథాగరస్ సిద్ధాంతం భాగాన్ని తీసివేసింది. విమానాల లెక్కా దానితోనే పోయింది. తప్పు లెక్క పోయింది కదా అని నేను సంతోషించి ఉండాలి. కానీ సంతోషించలేకపోయాను. ఎందుకంటే నిరూపక జ్యామితిలో దూర సూత్రం అలాగే ఉంది. పోయింది దాని వెనక ఉన్న నిరూపణ.

ఆ నిరూపణ ఎలా సాగుతుందో గుర్తు చేసుకోండి. లంబకోణం ఉన్న మూల నుంచి కర్ణం మీదికి లంబం గీస్తాం. పెద్ద త్రిభుజం రెండు చిన్న త్రిభుజాలుగా విడిపోతుంది. ఆ రెండూ పెద్దదానికి సరూప త్రిభుజాలని చూపిస్తాం. భుజాల నిష్పత్తులు రాసి కలుపుతాం. సిద్ధాంతం వచ్చేస్తుంది.

ఇందులో కీలకం 'సరూప' అన్న మాట. రెండు కోణాలు సమానమైతే మూడోది దానంతటదే సమానమవుతుంది, ఎందుకంటే మొత్తం 180 డిగ్రీలు. అందుకే పెద్ద త్రిభుజానికి అచ్చంగా అదే ఆకారంలో చిన్న నకలు దొరుకుతుంది. గోళం మీద ఇది సాధ్యం కాదు. అక్కడ కోణాల మొత్తం 180ని మించుతుంది. ఎంత మించుతుందన్నది త్రిభుజం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. పెద్ద త్రిభుజంలో ఎక్కువ మించుతుంది, చిన్నదాంట్లో తక్కువ. కనుక కోణాలు మారకుండా త్రిభుజాన్ని కుదించడం కుదరదు. గోళం మీద చిన్నా పెద్దా సరూప త్రిభుజాలు లేనే లేవు. నిరూపణ ఆ మెట్టు దగ్గరే కూలిపోతుంది.

ఇది పండితుల వాదన కాదు. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధారరేఖ కొలిచి, త్రిభుజాల మీద త్రిభుజాలు గీస్తూ దేశాన్ని కొలవడం మొదలుపెట్టిన విలియం లాంబ్టన్, ఆయన తరవాతి సర్వేయర్లు ఈ అదనపు కోణాన్ని లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. దాదాపు 197 చదరపు కి.మీ. వైశాల్యానికి ఒక సెకను కోణం చొప్పున మొత్తం పెరుగుతుంది. ఒక సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. మన సైకిళ్ల త్రిభుజం వైశాల్యం 135 చదరపు కి.మీ. కనుక అక్కడ అదనం ఒక సెకను కూడా ఉండదు. విమానాల త్రిభుజంలో అది దాదాపు 1.9 డిగ్రీలు.

ఇప్పుడు చెప్పండి, నిరూపణ దేనికి? పరీక్షలో నాలుగు మార్కుల కోసమని మనలో చాలామంది అనుకుంటాం. కానీ సూత్రం ఎక్కడ పనిచేస్తుందో చెప్పేది నిరూపణే. ఏ మెట్టు మీద నిలబడి ఉందో తెలిస్తేనే ఆ మెట్టు లేనిచోట అడుగు వేయకూడదని తెలుస్తుంది. సూత్రాన్ని ఉంచి నిరూపణను తీసివేయడమంటే మందు సీసా ఇచ్చి, మోతాదు రాసిన చీటీ చించేయడమే.

సరళరేఖే కావాలా?

భూమి వంపు పెద్ద దూరాల సమస్య. చిన్న దూరాల్లో మరో సమస్య ఉంది. అది మీ ఊళ్లోనే కనిపిస్తుంది.

మన చట్టాల్లో 'దూరం' అన్న మాటకు అర్థం ఏమిటో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. కేంద్ర చట్టాల్లో దూరం కొలవాలంటే, వేరే ఉద్దేశం కనిపించనంతవరకు, క్షితిజ సమాంతర తలం మీద సరళరేఖలో కొలవాలని దాని సారాంశం. ఆ చట్టం రాసినవారిని నేను మెచ్చుకుంటాను. సరళరేఖ అని ఊరుకోకుండా, ఏ తలం మీదో కూడా చెప్పారు. వేరే అర్థానికి చోటు కూడా వదిలారు. మన గణిత పుస్తకం చేయని పని అది.

ఆ చోటు ఎందుకు అవసరమో చూడండి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని కింద 2010లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం 1 నుంచి 5 తరగతుల పిల్లలకు 1 కి.మీ., 6 నుంచి 8 తరగతుల వారికి 3 కి.మీ. లోపు బడి ఉండాలి. అది 'నడక దూరం' కావాలని ఆ నియమాల్లో ఉంది.

ఒక పాప ఇంటి నుంచి రోడ్డు తూర్పుకు 600 మీటర్లు పోయి, అక్కడ మలుపు తిరిగి ఉత్తరానికి 800 మీటర్లు పోతే బడి వస్తుందనుకుందాం. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే దూరం ఎంత? 600 వర్గం, 800 వర్గం కలిపి వర్గమూలం తీస్తే సరిగ్గా 1000 మీటర్లు. కాగితం మీద ఆ పాపకు బడి దగ్గరలోనే ఉంది. ఆ పాప కాళ్లను అడిగితే 1400 మీటర్లు అంటాయి. రానూపోనూ రోజుకు 800 మీటర్లు అదనం. సిద్ధాంతంలో తప్పు లేదు. లంబకోణం ఉంది, నేల సమతలమే. కానీ ఆ పాప పొలాలకూ ఇళ్లకూ అడ్డం పడి కర్ణం వెంట నడవలేదు. ఇక్కడ కావలసింది కర్ణం కాదు, రెండు భుజాల మొత్తం.

మధ్యలో ఏరు ఉంటే తేడాకు హద్దే ఉండదు. కొవ్వూరు గట్టున నిలబడితే గోదావరికి అవతల రాజమండ్రి కనిపిస్తుంది. కానీ కాలినడకన గానీ బండి మీద గానీ పోయేవారికి అసలు దూరాన్ని నిర్ణయించేది వంతెన ఎక్కడుందన్న సంగతే. మన పెద్దలు 'కూతవేటు దూరం' అన్న మాటను ఊరికే పుట్టించలేదు. కూత తిన్నగా పోతుంది, ఏటికి ఆగదు. మనిషి ఆగుతాడు.

సరళరేఖే కావలసిన చోట్లు కూడా ఉన్నాయి. మీ ఇంట్లోని ఫోను తానున్న చోటు ఎలా కనిపెడుతుందో ఆలోచించారా? జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుతుంటాయి. వాటి నుంచి వచ్చే రేడియో సంకేతం ఎంతసేపటికి చేరిందో చూసి ఫోను దూరం లెక్క కడుతుంది. ఆ దూరాన్ని ఉపగ్రహం స్థానంతో కలిపే సమీకరణం పైథాగరస్ సిద్ధాంతమే. రెండు వర్గాల బదులు మూడు వర్గాలు ఉంటాయి, పొడవు, వెడల్పు, ఎత్తు తేడాలవి. స్థానానికి మూడు ఉపగ్రహాలు, ఫోను గడియారంలో తేడాను సరిచేయడానికి నాలుగోది కావాలి. విమానాల మధ్య 2,343 కి.మీ. దగ్గర తడబడిన సిద్ధాంతం 20,000 కి.మీ. దగ్గర తడబడదు. ఎందుకంటే సంకేతం నేల వంపు వెంట రాదు, ఖాళీలో తిన్నగా వస్తుంది. కాబట్టి తప్పు దూరం పెద్దదవడంలో లేదు. వంపుగా ఉన్నదాన్ని తిన్నగా ఉందనుకోవడంలో ఉంది.

పాఠంలో చేరవలసిన మూడు ప్రశ్నలు

పదో తరగతి పిల్లలకు గోళం మీది త్రికోణమితి నేర్పాలని నేను అడగడం లేదు. పాఠ్యపుస్తకం రాసేవారి ఇబ్బంది నాకు తెలుసు. లెక్క సులువుగా ఉండాలి, అంకెలు కుదరాలి, పేజీలు పెరగకూడదు. నేను అడిగేది మూడు ప్రశ్నలు మాత్రమే. సూత్రం పక్కనే అవి అచ్చు కావాలి. కోణం నిజంగా లంబకోణమేనా? తలం నిజంగా సమతలమేనా? మనకు నిజంగా కావలసింది సరళరేఖ దూరమేనా? విమానాల లెక్కలో రెండో ప్రశ్నకు జవాబు 'కాదు'. బడి లెక్కలో మూడోదానికి జవాబు 'కాదు'. మేస్త్రీ పునాదిలో మూడింటికీ జవాబు 'అవును'.

ఇవి లేకపోతే నష్టం 13 కిలోమీటర్లతో ఆగదు. భూగోళం పాఠంలో భూమి గుండ్రంగా ఉందని చదివిన పిల్లలే, మరుసటి గంటలో గణితం పాఠంలో దాన్ని బల్లపరుపుగా పరిచేస్తారు. రెండూ ఒకే భూమి గురించన్న సంగతి తట్టదు. తట్టి, చెయ్యి ఆపి ఆలోచించిన పిల్లవాడికి పరీక్షలో టైము చాలదు, మార్కు రాదు. ఆలోచించనివాడికి పూర్తి మార్కులు వస్తాయి. గణితం పేరుతో మనం నేర్పవలసింది ఇది కాదు.

మీరు మాత్రం పుస్తకం మారేదాకా ఆగనక్కరలేదు. రెండు పనులు చేసి చూడండి. మొదటిది, మీ ఊరి పటం తీసుకుని మీ ఇంటికీ బడికీ లేదా కాలేజీకీ మధ్య సరళరేఖ దూరం కొలవండి. తరవాత మీరు నడిచే దారి పొడవు కొలవండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. మీ దారిలో ఒకే ఒక లంబకోణపు మలుపు ఉంటే ఆ భాగఫలం √2, అంటే 1.414ను ఎన్నటికీ మించదు. ఎందుకు మించదో నిరూపించండి. రెండు భుజాల భేదానికి వర్గం ఎప్పుడూ సున్నా కంటే తక్కువ కాదన్నచోట మొదలుపెడితే నాలుగు వరుసల్లో తేలిపోతుంది. రెండోది, మీ గణిత పుస్తకంలో దూరాల లెక్కలన్నీ వరసగా తీసి, ఒక్కొక్కదానికి పై మూడు ప్రశ్నలూ వేసి చూడండి. ఎక్కడ తేడా కనిపించినా మీ మాస్టారికి చూపించండి.

ఇక నా వంతు. నేను తెలుగు చేసిన అభ్యాస పుస్తకం మళ్లీ అచ్చుకు వెళ్లినప్పుడు ఆ పేజీ తెరిచాను. 'నేరుగా' అన్న మాట కొట్టేశాను. లెక్క చివర "భూమిని సమతలంగా భావించండి" అని ఒక వాక్యం చేర్చాను. పట్టింది సగం వరుసే. మా మేనకోడలికి చూపిస్తే, "ఇలా ముందే రాసి ఉంటే నేను అడిగేదాన్నే కాదు కదా మామయ్యా" అంది.